టైగర్ మాత్ నెత్తిమీది తొట్టి

సికింద్రాబాదు రెజిమెంటల్ బజార్ పేరులోనే దండు ఉన్నది. ఆ దండు పట్టణానికి చేరువలోనే బేగంపేట విమానక్షేత్రం. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అక్కడ నడచిన ఒకటవ ప్రాథమిక విమానశిక్షణ పాఠశాలలో మన వైమానికదళ యువకులు ఓనమాలు దిద్దుకొన్నది టైగర్ మాత్ విమానాలమీద. 1931లో ఇంగ్లండులో తొలిసారి ఎగిరిన రెండు రెక్కలంతస్తుల చిన్న విమానమది.

దాని ఇంధనపు తొట్టి పైరెక్క నడుమ, చోదకుని నెత్తికి ఎదురుగా ఉంటుంది. పట్టేది 19 గ్యాలన్లు, అనగా సుమారు 86 లీటర్లు. ఇంధనం తన బరువుతో తానే యంత్రానికి దిగుతుంది; పంపు అక్కరలేదు. తొట్టిలో తేలే బెండుకు తగిలించిన కడ్డీ, పైనున్న గాజుగొట్టంలో కనబడుతూ కొలత చెబుతుంది. విద్యుత్తు లేదు, తీగ లేదు. చోదకుడు తలయెత్తి చూచుకోవలసిందే.

ఇటువంటి పాత విమానాన్ని పునరుద్ధరించేవారికి అసలు చిక్కు ఇక్కడే. ఏళ్ళ తరబడి పడియున్న తొట్టి లోపల తుప్పు పట్టి, అతుకులు కారుతాయి. గిన్నెకు మాటు వేసినట్లు వేసి సరిపెట్టుకొందమా అంటే, రాలిన తుప్పురవ్వ ఒక్కటి ఇంధనమార్గానికి అడ్డుపడితే చాలును. కనుక చాలమార్లు కొత్త తొట్టి కట్టవలసివస్తుంది. అప్పుడు పాత సూచికను యథాతథంగా బిగించరాదు. తొట్టి ఆకారం కొంచెం మారినా గుర్తులు మారుతాయి. పైగా ఈ విమానం నేలమీద తోక వాల్చి నిలుచును. తోకను ఎత్తి, ఎగిరేటప్పటి భంగిమలో నిలిపి, కొలిచిన ఇంధనాన్ని కొద్దికొద్దిగా పోస్తూ గుర్తులు సరిచూడవలెను. వాడదగిన ఇంధనం ముగిసేచోటే సున్న ఉండవలెను, తొట్టి అడుగంటిన చోట కాదు.

సూచిక తప్పు చెప్పడంలోనూ తారతమ్యమున్నది. బెండు ఇంధనం పీల్చి బరువెక్కితే కొలత తక్కువగా కనబడుతుంది. చోదకుడు తొందరగా దిగుతాడు. కడ్డీ పైనే పట్టుకొని నిలిచిపోతే ఎక్కువగా కనబడుతుంది, అది ప్రాణాంతకం.

మన వైమానికదళపు టైగర్ మాత్ ఒకటి ఇంగ్లండులో పునరుద్ధరింపబడి, 2012 అక్టోబరు 8న హిండన్‌లో వైమానికదళ దినోత్సవాన ఎగిరింది. అటువంటి విమానం చూచినపుడు ‘ఇందులో అసలుది ఎంత?’ అని చరిత్రప్రియులు అడుగుతారు. పాత తొట్టిని ప్రదర్శనశాలలో భద్రపరచుదాము, తప్పక భద్రపరచుదాము. ఎగిరే విమానంలో మాత్రం నిజం చెప్పే కొత్త తొట్టియే ఉండవలెను. బేగంపేటలో నేర్చిన ఆ కుర్రవాళ్ళు తలయెత్తి చూచినది గాజుగొట్టపు పాతదనాన్ని కాదు గదా, మిత్రులారా! ఇంకెంతసేపు ఎగరగలమనే లెక్కను.