పెరటి మునగ: ఎంపిక, నాటే విధానం

మునగను కన్నడంలో నుగ్గె, తమిళంలో మురుంగై, ఒడియాలో సజనా, మరాఠీలో శేవగా అంటారు. పొరుగు రాష్ట్రపు సంతలో మొక్క కొనేవారికి ఈ పేర్లు అక్కరకు వస్తాయి.

తమిళనాడులోని పెరియకుళంలో రూపొందిన పి.కె.ఎం.-1 రకం విత్తనం నాటిన 6, 7 నెలలకే కాపునిస్తుంది. అయితే, తాతలనాటి చెట్టు కాయల రుచే కావాలనుకునేవారు దాని కొమ్మనే నాటుకోవాలి. విత్తన మొక్కకు తల్లిచెట్టు గుణాలన్నీ రావు.

ఎండ తగిలే, నీరు నిలవని చోట ఒకటిన్నర అడుగుల గుంత తీసి, మాగిన పశువుల ఎరువు కలిపి నాటాలి. నీరు నిలిస్తే వేళ్లు కుళ్లుతాయి. వానాకాలంలో మానుకు గొంగళిపురుగులు పడతాయి కనుక ఇంటి గోడకు దూరంగా నాటడం మేలు.

మునగ కొమ్మ పెళుసు; పిల్లలను చెట్టెక్కనీయరాదు. కాపు ముగిశాక 3 అడుగుల ఎత్తున నరికితే, కొత్త కొమ్మల కాయలు చేతికందుతాయి.