బుడిపెలో పుట్టిన భరిణె

కుంకుమ భరిణె నెరుగని ఇల్లు తెలుగునాట లేదు. ఏటికొప్పాక పనివారు అంకుడు కర్రను తరిమెన పట్టి, తిరుగుచున్న కర్రకే లక్క నొత్తి రంగులు దిద్దుదురు. అంకుడు మెత్తనిది, ఉలి చెప్పినట్లు వినును. వినని కర్రతో మూత భరిణెలు చేయువారు మొరాకో దేశమున, అట్లాంటిక్ తీరపు ఎస్సవీరా పట్టణమునందు కలరు. వారి కర్ర తూయా చెట్టు వేరు బుడిపె. 1760 దశకమున సుల్తాను మూడవ మహమ్మదు కట్టించిన పట్టణమిది. బుడిపె చరిత్ర అంతకన్న ఎంతో ప్రాచీనము.

రోమనులు ఈ చెట్టును సిట్రస్ అనిరి. పేరు విని నిమ్మ అనుకొనరాదు. ఇది సైప్రస్ కుటుంబపు వృక్షము. దీని బుడిపెతో చేసిన ఒక్క బల్లకు సిసిరో 5,00,000 సెస్టెర్సులు ఇచ్చెనని క్రీ.శ. 77 ప్రాంతమున ప్లీనీ వ్రాసెను. సీజరు నియమించిన సైనికుని జీతము ఏటికి 900 సెస్టెర్సులు. అనగా ఆ బల్ల 550 ఏండ్లకు మించిన జీతము! ముత్యములకై ఇంత వ్యయమా అని భర్తలు ఆక్షేపించిన, మీ బల్లల మాట యేమని భార్యలు ఎదురడిగెడివారట. ఆ వాదములో నేను భార్యల పక్షమే.

ఇంతకును ఆ కర్రలోని వింత యేమి? మామూలు దూలములో నారలు ఒకే దిక్కుగా సాగును. బుడిపెలో అవి సుడులు తిరుగును; విప్పారని మొగ్గలు కన్నులవలె నిలుచును. పులిచారలని, చిరుతమచ్చలని, నెమలి కన్నులని రోమనులు వాటిని మెచ్చిరి. చూపరుల కది సొంపు, పనివానికి కష్టము. తరిమెనపై ఒక్క చుట్టులోనే ఉలికి నార అనుకూలముగను, ప్రతికూలముగను తగులును. ఉలిని మాటిమాటికి నూరుచు, పలుచగా చెక్కవలెను.

తరిమెన క్రొత్తది కాదు. ఈజిప్టులో క్రీ.పూ. 300 ప్రాంతపు పెటోసిరిస్ సమాధి గోడపై ఒకడు త్రాటితో కర్రను త్రిప్పగా వేరొకడు ఉలి పట్టిన చిత్రమున్నది. అయితే మూత భరిణెకు అసలు పరీక్ష ఆరుటలో నున్నది. పచ్చికర్రలో కుదిరిన మూత, కర్ర ఆరి వంకరపోగానే బిగిసిపోవును, లేదా వదులగును. కావున ముందు మందముగా తొలిచి, ఆరనిచ్చి, మరల తరిమెన కెక్కించుట మేలు. రోమను పనివారు ఈ కర్రను ఏడు దినములు ధాన్యపు రాశిలో నుంచి, ఏడు దినములు వెలుపల నుంచెడివారనియు, బరువు ఆశ్చర్యకరముగా తగ్గెడిదనియు ప్లీనీ చెప్పెను. మన రైతుకు ఈ ఉపాయము వింతగా తోచదు.

మిక్కిలి మెచ్చుకొనబడిన కర్ర నిచ్చిన ఆంకొరేరియస్ కొండ తన కాలమునకే వట్టిపోయినదని కూడ ఆయన వ్రాసెను. ఆ మాట నేటికిని పాతబడలేదు. బుడిపె చెట్టుకు రోగము కాదు. అది చెట్టు దాచుకొన్న నిలువ. గొడ్డలి పడినను, మంట తగిలినను, మేకలు మేసినను తూయా దానినుండియే తిరిగి చిగుర్చును. సూచిపర్ణ వృక్షములలో ఈ శక్తి అరుదు. నేలలోని బుడిపెను త్రవ్వి తీసిన, చిగుర్చుటకు ఏమియు మిగులదు.

భరిణెకు పిడికెడు బుడిపె చాలును గదా యని అనవచ్చును. పెద్ద బుడిపెను కోయగా మిగిలిన ముక్కయైన సరే. కాని పిడికెడు బుడిపె కొరకే త్రవ్విన, పెకలి వచ్చునది లేత చెట్టు.