తెలుగు తెరపై శృంగారం: కళ, మనస్తత్వం

తెలుగు సినిమాలో శృంగారాన్ని మనస్తత్వ పరిశీలనగా మలచినవారిలో ముందుగా చెప్పుకోవలసింది దర్శకుడు బి.ఎన్. రెడ్డిని (1908–1977). కడప జిల్లా పులివెందుల ప్రాంతంలోని కొత్తపల్లె ఆయన స్వగ్రామం. శృంగార చిత్రమంటే దేహప్రదర్శనే అనుకునేవారికి ఈ పేరు పొసగనట్టు ఉంటుంది. కానీ మన ఆలంకారికులు శృంగారాన్ని సంభోగం (కలయిక), విప్రలంభం (ఎడబాటు) అని రెండుగా విడదీశారు. ఆ కడప సీమలోనే, తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య శృంగార సంకీర్తనల్లో అలకకూ ఎదురుచూపుకూ ఉన్న చోటు తక్కువేమీ కాదు. కోరిక తీరడం కంటే కోరిక పడే మనసే లోతైన వస్తువని ఈ సంప్రదాయం ఎరుగును. బి.ఎన్. చిత్రాలు దాన్నే తెరకు తెచ్చాయి.

'స్వర్గసీమ' (1945) కథ చక్రపాణిది. పత్రికా సంపాదకుడు మూర్తి (నాగయ్య) వీధుల్లో ఆడిపాడే సుబ్బికి నాటకరంగంలో దారి చూపిస్తాడు. ఆమె సుజాతాదేవిగా వెలిగాక, భార్యాబిడ్డలను వదిలి ఆమె వెంట పోతాడు. మూర్తి మోహించింది సుబ్బిని కాదు, తాను తీర్చిదిద్దాననుకున్న బొమ్మను. ఆ మోహానికి రూపమిచ్చింది భానుమతి గొంతు. హాలీవుడ్ చిత్రం 'బ్లడ్ అండ్ శాండ్' (1941) స్ఫూర్తితో వచ్చిన 'ఓహో పావురమా' పాటలో ఆమె స్వరంలోని ఒయ్యారమే నటించింది. మార్కస్ బార్ట్‌లే కెమెరాకు అంతకుమించి చూపవలసిన పని లేకపోయింది.

ఈ నిగ్రహమంతా సెన్సార్ భయమేననే వాదన ఉంది. భారతదేశంలో సినిమాటోగ్రాఫ్ చట్టం 1918లోనే వచ్చిన మాట నిజం. అయినా 1933 నాటి 'కర్మ'లో దేవికారాణి, హిమాంశు రాయ్‌ల ముద్దు తెరకెక్కింది. కాబట్టి నిగ్రహాన్ని పూర్తిగా చట్టం ఖాతాలో వేయలేం. రెండో అభ్యంతరం మాత్రం బలమైనది: 'స్వర్గసీమ' చివరికి మోహానికి నింద సుజాత మీద మోపి, మూర్తిని ఇంటికి చేరుస్తుంది. ఇది ఆ చిత్రానికి లోపమే, ఒప్పుకోవాలి. ఆడదాని కోరికకు తనదైన లోకం ఉండవచ్చునని అది ఊహించలేకపోయింది.

'మల్లీశ్వరి' (1951) ఆ లోపాన్ని దిద్దింది. బుచ్చిబాబు నాటిక 'రాయలవారి కరుణకృత్యం' ఈ కథకు ఒక ఆధారం. ప్రేమించుకున్న బావామరదళ్లలో మల్లిని రాణివాసపు పల్లకి తీసుకుపోయాక వారి మధ్య మిగిలింది ఎడబాటే. అంతఃపురంలో దొంగచాటుగా కలుసుకుంటే ప్రాణాలకే ముప్పు. ఇక్కడ మల్లి ఎవరో మలచిన బొమ్మ కాదు. భయం, తెగువ, తపన ఆమె సొంతం. రాజాజ్ఞ ఒక స్త్రీ ఇష్టానికి ఎలా అడ్డుపడుతుందో కూడా చిత్రం మెత్తగానే చెప్పింది.

అధికారం మాట మెత్తగా కాక సూటిగా రావడానికి తెలంగాణ పల్లెలో తీసిన శ్యామ్ బెనెగల్ హిందీ చిత్రం 'అంకుర్' (1974) దాకా ఆగాల్సి వచ్చింది. భూస్వామి కొడుకు సూర్య, దళిత స్త్రీ లక్ష్మి (షబానా ఆజ్మీ) మధ్య ఉన్నది కోరికే అయినా, గర్భభారం ఒక్క లక్ష్మి మీదే పడింది. బి.ఎన్.కు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం దక్కింది కూడా 1974 సంవత్సరానికే.