బొమ్మల కోసం హాలంతా ఏడ్చిన రాత్రి

1917 జనవరిలో అమెరికాలోని కాన్సాస్ సిటీలో పేపర్ వేసే కుర్రాళ్లకు ఉచితంగా ఒక సినిమా చూపించారు. ఊళ్లోకెల్లా పెద్దదైన కన్వెన్షన్ హాలు. నాలుగు దిక్కులకూ నాలుగు తెరలు కట్టి, నాలుగింటి మీదా ఒకేసారి సినిమా వేశారు. అది మార్గరీట్ క్లార్క్ నటించిన మూకీ ‘స్నో వైట్’. అక్కడ కిక్కిరిసిన కుర్రాళ్లలో పదిహేనేళ్ల వాల్ట్ డిస్నీ ఒకడు. కూర్చున్న చోటు నుంచి తనకు ఒకటికి మించి తెరలు కనిపించాయని పెద్దయ్యాక కూడా చెప్పుకునేవాడు.

అయితే డిస్నీ చేత ‘స్నో వైట్’ను బొమ్మల సినిమాగా తీయించింది ఆ జ్ఞాపకం ఒక్కటే కాదు. దాని వెనక డబ్బు లెక్క కూడా ఉంది. 1933లో డిస్నీ స్టూడియో నుంచి వచ్చిన ‘త్రీ లిటిల్ పిగ్స్’ అనే బొమ్మల సినిమా నిడివి పది నిమిషాలు కూడా లేదు. ఆర్థిక మాంద్యంతో కుదేలైన జనం దాని పాటను వీధుల్లో పాడుకున్నారు. కొన్ని థియేటర్ల వాళ్లు అసలు సినిమా పేరు కంటే పైన దీని పేరు కట్టారు. కానీ ఇలాంటి వాటి మీద స్టూడియోకు మిగిలేది అంతంతమాత్రమే. చిన్న సినిమాకు చిన్న అద్దె, అంతే. పైగా ఒకే టికెట్టు మీద రెండు పెద్ద సినిమాలు చూపించే అలవాటు పెరిగి, మధ్యలో వేసే బొమ్మల సినిమాలకు చోటు తగ్గుతోంది. స్టూడియో నిలబడాలంటే పెద్ద సినిమా తీయాల్సిందేనని డిస్నీకి అర్థమైంది.

1934లో ఒక సాయంత్రం లాస్ ఏంజెలెస్‌లోని హైపీరియన్ అవెన్యూ స్టూడియోలో ఆయన తన చిత్రకారులను కూర్చోబెట్టి ‘స్నో వైట్’ కథ మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. చెప్పడమేమిటి, నటించి చూపించాడు. రాణీ ఆయనే, మంత్రగత్తే ఆయనే, మరుగుజ్జులు ఏడుగురూ ఆయనే. గంటల తరబడి సాగిన ఆ ఏకపాత్రాభినయమే సినిమాకు అసలు స్క్రిప్టు అయిందని అక్కడున్న చిత్రకారులు దశాబ్దాల తర్వాత కూడా తలచుకున్నారు.

ఇదే ప్రపంచంలో మొట్టమొదటి పూర్తి నిడివి బొమ్మల సినిమా అని చాలామంది రాసేస్తారు. అది సరికాదు. అర్జెంటీనాలో క్విరినో క్రిస్టియానీ 1917లోనే ఒకటి తీశాడు. జర్మనీలో లోట్టే రైనిగర్ అనే మహిళ నల్ల కాగితం కత్తిరించిన బొమ్మలతో 1926లో ‘ప్రిన్స్ అహ్మద్’ కథను తెరకెక్కించింది. ఆమెకు దక్కాల్సిన పేరు ఆమెకు దక్కాలి. డిస్నీ ముందున్న సవాలు వేరు. మాటలు, పాటలు, రంగులతో 83 నిమిషాల పాటు, మామూలు సినిమాకు వచ్చే జనాన్నే కూర్చోబెట్టాలి. గీసిన బొమ్మను చూసి జనం నవ్వుతారు, అందులో సందేహం లేదు. ఏడుస్తారా? ఆ బొమ్మ చచ్చిపోతే హాల్లో ఎవరికైనా గుండె బరువెక్కుతుందా? పరిశ్రమ అనుమానమంతా ఇక్కడే. హాలీవుడ్‌లో దీన్ని డిస్నీ పిచ్చిపని అన్నారు. భార్య లిలియన్, అన్న రాయ్ కూడా వద్దనే చెప్పారు.

ఇక పని చూడండి. తన చిత్రకారులకు మనిషి ఒంటి కదలిక ఇంకా పట్టుబడలేదని డిస్నీకి తెలుసు. డాన్ గ్రాహం అనే చిత్రకళ గురువును పెట్టి స్టూడియోలోనే పాఠాలు చెప్పించాడు. స్నో వైట్ నడక, నాట్యం కోసం ఒక నాట్యాచార్యుడి కూతురు మార్జొరీ బెల్చర్‌తో ఆ సన్నివేశాలు చేయించి, ఫిల్ము మీద తీసి, ఆ కదలికల్ని ఒక్కో ఫ్రేమూ పరిశీలించారు. సినిమాకు మూలమైన గ్రిమ్ సోదరుల కథలో మరుగుజ్జులకు పేర్లు లేవు. ఇక్కడ ఎవరి పేరు వాళ్ల స్వభావం చెప్పేలా పెట్టారు. గ్రంపీ ఎప్పుడూ చిర్రుబుర్రులాడతాడు, స్నీజీ తుమ్ముతాడు, స్లీపీ తూగుతాడు. డోపీకి తగ్గ గొంతు కుదరక వాణ్ని మాటల్లేని వాడిగానే ఉంచేశారు. పిల్లలు ఎక్కువగా ఇష్టపడింది ఆ మాటల్లేని వాణ్నే. మంచి నవ్వు పుట్టించే చమత్కారం ఇచ్చిన వాళ్లకు స్టూడియో ఐదు డాలర్లు ఇచ్చేది.

అప్పటికి బొమ్మల సినిమాలకు ఉన్న పెద్ద లోపం లోతు లేకపోవడం. ఒకే కాగితం మీద చందమామ, కొండ, ఇల్లు గీశారనుకోండి. కెమెరా ఇంటి దగ్గరికి వెళ్తే ఇంటితో పాటు చందమామ కూడా పెద్దదవుతుంది. మన కంటికి అలా జరగదు. ఎంత నడిచినా చందమామ అంతే ఉంటుంది. దీనికి విల్ గారిటీ బృందం తయారుచేసిన పరికరమే మల్టీప్లేన్ కెమెరా. మనిషికి రెండింతల ఎత్తున్న ఇనుప చట్రం, పైనుంచి కిందికి చూసే కెమెరా, దాని కింద ఒకదాని కింద ఒకటి అరల్లా గాజు పలకలు. దగ్గరి చెట్టు కొమ్మలు ఒక పలక మీద, ఇల్లు ఇంకో పలక మీద, ఆకాశం అన్నిటికన్నా అడుగున. ఒక్కో పలకను ఒక్కో వేగంతో జరుపుతూ ఫ్రేము తర్వాత ఫ్రేము తీస్తారు. కొమ్మలు పక్కకు తప్పుకుంటాయి, ఇల్లు దగ్గరవుతుంది, ఆకాశం కదలదు. గాజు పొరల ఆలోచన రైనిగర్ అంతకు ముందే వాడింది. డిస్నీ స్టూడియో దాన్ని రంగుల్లో, ఇంత పెద్ద ఎత్తున పనిలో పెట్టింది. 1937లో ‘ది ఓల్డ్ మిల్’ అనే చిన్న చిత్రంలో మొదట పరీక్షించి, తర్వాత స్నో వైట్ అడవిలోకి తెచ్చారు.

సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 83 నిమిషాలంటే దాదాపు లక్షా ఇరవై వేల ఫ్రేములు. పెన్సిల్ గీతల్ని పారదర్శకమైన సెల్యులాయిడ్ షీట్ల మీదికి సిరాతో దించి, వెనక వైపు రంగులు నింపింది ఎక్కువగా ఆడవాళ్లే. సినిమా చూసినప్పుడు మన కళ్ల ముందు ఉండేది నిజానికి వాళ్ల చేతి గీత. అప్పట్లో టైటిల్స్‌లో వాళ్ల పేర్లు వేయలేదు. ఇది నాకు ఎప్పుడూ బాధగానే అనిపిస్తుంది.

కష్టపడి గీసినంత మాత్రాన సినిమాలో ఉండిపోతుందన్న భరోసా కూడా లేదు. మరుగుజ్జులు జుర్రుకుంటూ సూప్ తాగే సన్నివేశం కోసం వార్డ్ కింబాల్ అనే కుర్ర యానిమేటర్ నెలల తరబడి గీశాడు. కథ నడక ఆగిపోతోందని డిస్నీ దాన్ని తీసేశాడు. మనసు విరిగి ఉద్యోగం మానేద్దామని వెళ్లిన కింబాల్, తర్వాతి సినిమా ‘పినోకియో’లో జిమినీ క్రికెట్ పాత్ర బాధ్యత తీసుకుని బయటికొచ్చాడు.

ఖర్చు మొదట రెండున్నర లక్షల డాలర్లు అనుకున్నారు. చివరికి సుమారు 15 లక్షలు తేలింది. డిస్నీ ఇల్లు తాకట్టు పెట్టాడు. బ్యాంక్ ఆఫ్ అమెరికా అధికారి జోసెఫ్ రోసెన్‌బర్గ్‌కు సగం రంగులు, సగం పెన్సిల్ గీతలుగా ఉన్న సినిమానే వేసి చూపించాల్సొచ్చింది. ఆయన చూస్తున్నంతసేపూ ముఖంలో ఏమీ కనబడనివ్వలేదు. చివర్లో మాత్రం ఇది బోలెడు డబ్బు తెస్తుందని చెప్పి వెళ్లాడు. అప్పు పుట్టింది.

1937 డిసెంబర్ 21న లాస్ ఏంజెలెస్ కార్తే సర్కిల్ థియేటర్లో మొదటి ఆట. లోపల చార్లీ చాప్లిన్, మార్లీన్ డీట్రిచ్ లాంటి వాళ్లు. బయట టికెట్లు లేని జనం వేలల్లో. విషపు ఆపిల్ తిన్న స్నో వైట్ కదలకుండా పడుకుని ఉంటుంది. చుట్టూ మరుగుజ్జులు. ఈ సన్నివేశం గీసింది ఫ్రాంక్ థామస్. ఆయన చేసిన గొప్ప పని బొమ్మల్ని దాదాపు కదపకపోవడం. అప్పటిదాకా గంతులేసిన బొమ్మలు నిలబడిపోతాయి. చెంప మీద కన్నీటి చుక్క జారుతుంది. అందరి మీదా కసురుకునే గ్రంపీ అటు తిరిగి ముఖం దాచుకుంటాడు. హాల్లో ముక్కులు చీదుకున్న చప్పుడు విన్నామని, క్లార్క్ గేబుల్, కరోల్ లొంబార్డ్ కూడా కన్నీళ్లు పెట్టుకున్నారని కింబాల్ తర్వాత చెప్పాడు. ఆట అయ్యాక అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నా దృష్టిలో ఇక్కడ అసలు ఆవిష్కరణ కెమెరా కంటే ఈ సన్నివేశమే.

1938 జనవరిలో న్యూయార్క్ రేడియో సిటీ మ్యూజిక్ హాల్లో వేస్తే ఐదు వారాలు ఆడింది. బ్రిటన్ సెన్సార్ వాళ్లు మంత్రగత్తెను చూసి జంకి, పిల్లలు పెద్దలతోనే రావాలని సర్టిఫికెట్ ఇచ్చారు. అలా ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లాల్సిన సినిమా అయింది. మొదటి విడుదలలోనే సుమారు 80 లక్షల డాలర్లు వచ్చాయి. 1939లో డిస్నీకి ప్రత్యేక ఆస్కార్ ఇచ్చారు. ఒకటి మామూలు సైజు, పక్కన మెట్లలా ఏడు బుల్లివి. అందించింది బాలనటి షిర్లీ టెంపుల్.

2025లో ‘మహావతార్ నరసింహ’ అనే బొమ్మల సినిమా తెలుగులో ఆడినప్పుడు మన హాళ్లకూ తాతలు, మనవలు కలిసే వచ్చారు. బొమ్మల సినిమా అంటే పిల్లల్ని కూర్చోబెట్టే కాలక్షేపం అనుకునే వాళ్లకు అది మంచి జవాబు. ఈసారి మీ ఊళ్లో మంచి యానిమేషన్ సినిమా పడితే, ఫోన్లోకి వచ్చేదాకా ఆగకండి. పిల్లల్ని హాలుకు తీసుకెళ్లండి, మీరూ పక్కన కూర్చుని పూర్తిగా చూడండి. ఇంటికొచ్చాక ఎవరికి ఏ బొమ్మ నచ్చిందో, ఎందుకు నచ్చిందో వాళ్లనే చెప్పనివ్వండి.