గాంధీ పేరు పెట్టుకున్న పిల్లవాడు

గుంటూరు సీమలో మనుషుల పేర్లు ఒక్కొక్కప్పుడు చరిత్ర పాఠంలా వినిపిస్తాయి. నల్లపాడు మొదలుకొని చీరాల దాకా ఉన్న పత్తిచేల ఊళ్ళలో గాంధీ అనే పేరు గల పెద్దమనిషి, జవహర్‌లాల్ అనే రైతు, సుభాష్ చంద్రబోస్ అనే గుమాస్తా ఎవరికీ వింత కాదు. ఎర్రజెండా ఎగిరిన ఇళ్ళలోనైతే స్టాలిన్, లెనిన్. ఆడపిల్లలకు కస్తూరి, సరోజిని, ఝాన్సీలక్ష్మి. పేరు పెట్టిన తల్లిదండ్రులకు అది వ్రతం వంటిది. మోసినవాడికి మాత్రం కొంత బరువే. బడిలో లెక్క తప్పినా, తోటలో మామిడికాయ దొంగిలించినా, "పేరు చూస్తే గాంధీ, పనులు చూస్తే ఇవీ!" అన్న ఎత్తిపొడుపు తప్పదు.

ఈ బరువునే కథావస్తువుగా తీసుకొని, మన సంగతి బొత్తిగా తెలియని ఇద్దరు అమెరికా యువకులు ఒక బొమ్మల హాస్య ధారావాహిక తీశారు. దాని పేరు క్లోన్ హై. అది భారతదేశంలో ఎన్నడూ ప్రసారం కాలేదు. అయినా దాని కథ ముగిసిపోవడంలో మన దేశానికి పాత్ర ఉంది. ఆ చరిత్రను ఆ ధారావాహిక అభిమానులు ఒక రకంగా చెప్పుకుంటారు. మనవాళ్ళలో తెలిసిన కొద్దిమంది మరొక రకంగా చెప్పుకుంటారు. రెండింటిలోనూ సగమే నిజమని నాకనిపిస్తుంది.

ముందుగా కథ. ఒక రహస్య ప్రభుత్వ పథకం కింద, చరిత్రలోని మహాపురుషుల అవశేషాలను తవ్వి తీసి వారి ప్రతిరూపాలను పుట్టిస్తారు. ఆ పిల్లలందరూ పెరిగి ఒకే ఉన్నత పాఠశాలలో చేరుతారు. ఏబ్ లింకన్ పొడుగ్గా, మెతగ్గా, నిర్ణయం తీసుకోలేని కుర్రవాడు. అతనిని మూగగా ప్రేమించే జోన్ ఆఫ్ ఆర్క్, అతను వెంటపడే క్లియోపాత్రా, కండలు చూపించుకు తిరిగే జాన్ కెనెడీ. వీరి మధ్య గాంధీ. ఈ గాంధీ ఒకచోట నిలవడు, నోరు మూయడు, ఎక్కడ విందు జరిగితే అక్కడ తేలుతాడు. తన మూలపురుషుని పేరుకు తగినట్టు బతకలేక, ఆ ఒత్తిడికి తాళలేక అల్లరిలో పడిపోయిన పిల్లవాడు. నవ్వంతా మహాత్ముని మీదకు కాక, మహాత్ముని పేరు మోయలేనివాడి మీదకు పోతుంది. ఒక భాగంలో ఇతనికి ఏకాగ్రత లోపించే జబ్బు ఉన్నదని తేలగానే, అదేదో అంటువ్యాధి అయినట్టు బడి పిల్లలంతా దూరంగా జరుగుతారు. ఎయిడ్స్ గురించి అమెరికా టీవీ నాటకాలు ఎంతో గంభీరంగా తీసిన "ప్రత్యేక" భాగాలకు అది వెక్కిరింత. అసలు ధారావాహిక మొత్తమే, ఆనాటి యువతరం ప్రేమ నాటకాల అతిశయానికి వెక్కిరింత.

దీనిని తీసినవారు ఫిల్ లార్డ్, క్రిస్టఫర్ మిల్లర్. వారికి తోడు బిల్ లారెన్స్. టొరంటోలోని నెల్వానా సంస్థ నిర్మాణంలో భాగస్వామి. అందువల్లనే 2002 నవంబరులో ముందు కెనడాలోని టెలిటూన్‌లో మొదలై, 2003 జనవరి 20న అమెరికాలో ఎంటీవీకి వచ్చింది. తీసినవి మొత్తం 13 భాగాలు.

ఎంటీవీలో మొదటి భాగం వచ్చి పది రోజులు తిరిగేసరికి వచ్చిన తేదీ ఏమిటో గమనించండి: జనవరి 30.

ఆ నెలలోనే ఒక అమెరికన్ పురుషుల పత్రికలో, కండలు తిరిగిన మనిషి గాంధీని కొడుతున్నట్టు బొమ్మలు వేశారు. అది చూసి మనదేశంలో ఆగ్రహం పుట్టింది. పత్రిక క్షమాపణ చెప్పింది. అమెరికాలో గాంధీని ఇంకా ఎక్కడెక్కడ ఎలా చూపుతున్నారని వెదికినవారికి క్లోన్ హై కంటపడింది. 2003 జనవరి 30న, వర్ధంతినాడు, ఢిల్లీలో వందమందికి పైగా నిరాహారదీక్షకు కూర్చున్నారు. వారిలో మహాత్ముని మునిమనుమడు తుషార్ గాంధీ కూడా ఉన్నారు. ఎంటీవీ క్షమాపణ చెప్పింది. అది అమెరికా ప్రేక్షకుల కోసం తీసినదని, ఎవరినీ నొప్పించే ఉద్దేశం లేదని వివరణ ఇచ్చింది. సృష్టికర్తలు తరువాతి కాలంలో చెప్పిన కథనం ప్రకారం, ఎంటీవీ అధిపతి టామ్ ఫ్రెస్టన్ సరిగ్గా ఆ సమయంలోనే భారతదేశంలో ఉన్నాడు. మన దేశంలో ఎంటీవీ అనుమతికే ముప్పు వస్తుందన్న మాట వినవలసి వచ్చింది. 8 భాగాలు చూపించి ఎంటీవీ ఆపేసింది. గాంధీ లేకుండా రెండో విడత ఎలా తీస్తారో చెప్పమని అడిగితే, అతడు గాంధీ ప్రతిరూపమే కాదు, నిజానికి గ్యారీ కోల్మన్ అనే నటుని ప్రతిరూపమని తేలుస్తామని కూడా వారు సూచించారట! అదీ సాగలేదు.

నిరసన తెలిపినవారిలో ధారావాహిక చూసినవారు ఎందరు ఉండివుంటారు? మన దేశంలో రాలేదు. అప్పటికి యూట్యూబ్ పుట్టలేదు, అది 2005 నాటిది. కెనడాలోనో అమెరికాలోనో ఉన్నవారు చెప్పగా విన్నదీ, ఒకటి రెండు బొమ్మలు చూసినదీ తప్ప వేరే దారి లేదు. చూడకుండా కోపగించుకోవడం మనకు కొత్త కాదు. అలాగని ఆ కోపం బూటకమనీ అనలేను. ఎవరో దూరదేశంలో మన తాతగారి ఫొటో మీద మీసాలు గీశారని తెలిస్తే, గీసినవాడి హాస్యస్ఫూర్తి ఎంతటిదో విచారించి ఆపైన కోపం తెచ్చుకోము కదా.

ఇక్కడ డిస్కు సంగతికి వస్తాను. 2003 అంటే, రద్దయిన బొమ్మల ధారావాహికలకు డీవీడీ ప్రాణం పోస్తున్న సంవత్సరం. 2002లో ఫాక్స్ వదిలేసిన ఫ్యామిలీ గై మొదటి సంపుటం 2003 ఏప్రిల్‌లో, రెండవది సెప్టెంబరులో వచ్చాయి. రెండూ లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. ఆ అమ్మకాలు చూసే ఫాక్స్ దానిని 2005 మే 1న తిరిగి తెరమీదికి తెచ్చింది. ఫ్యూచరామా సంగతీ ఇంచుమించు అదే. 2003లో ఫాక్స్‌లో ఆగిపోయి, డీవీడీల బలంతో 2007లో నేరుగా డిస్కు మీదనే కొత్త చిత్రమై వచ్చింది. తమను రద్దు చేసిన అధికారులను ఆ చిత్రం మొదట్లోనే చెడామడా వెక్కిరించింది. ప్రకటనదారుల లెక్కలో లేని ప్రేక్షకులు దుకాణం లెక్కలో కనబడ్డారు. జేబులోంచి డబ్బు తీసి కొన్నవాడిని "లేడు" అనడం ఏ సంస్థకూ సాధ్యం కాదు.

అందుకే అభిమానులు రాసే డిస్కు సమీక్షలకు ఒక ప్రత్యేకత ఏర్పడింది. పుస్తక సమీక్షకుడు పుస్తకం బాగున్నదా లేదా అని చూస్తాడు. వీరికి అది ముందే తేలిన విషయం, తూచవలసినది డిస్కును. భాగాలు ఏ వరుసలో పెట్టారు? ప్రసారం కానివి చేర్చారా? తీసినవారి వ్యాఖ్యానం ఉన్నదా? పాటలు అసలువేనా? 2005 నవంబరులో మిషన్ హిల్ అనే మరొక రద్దయిన ధారావాహిక డిస్కులో హక్కుల చిక్కుల వల్ల పాటలు చాలావరకు మార్చేశారు. అది అభిమానికి, పాత సినిమాలో ఘంటసాల గొంతు తీసేసి మరెవరిదో అతికించినట్టే. రద్దయిన దానికి ఉన్న ఒక్కగానొక్క ఆనవాలు ఆ డిస్కే కనుక, సమీక్షలో ప్రేమా కోపమూ రెండూ ఎక్కువే.

క్లోన్ హై డిస్కు 2005 సెప్టెంబరు 20న కెనడాలో మాత్రమే విడుదలయింది. అమెరికాలో రాలేదు. ఈ రెండు దేశాలకూ డీవీడీ మండల సంఖ్య ఒకటే కావడం వల్ల, సరిహద్దు దాటి తెప్పించుకున్న అమెరికా అభిమానికి అది ఇంటి యంత్రంలోనే ఆడింది. మన మండలం ఐదవది. చట్టప్రకారం అమ్మిన యంత్రంలో అది మనకు ఆడకూడదు (మన బజార్లలో అన్ని మండలాలవీ ఆడే యంత్రాలు ఎంత సులువుగా దొరికేవో నేను వేరే చెప్పనక్కరలేదు). ఎంటీవీ చూపని చివరి భాగాలు ఆ డిస్కుతోనే చాలామంది చేతికి అందాయి. చివరి భాగంలో పిల్లలందరూ మంచులో గడ్డకట్టుకుపోతారు. కథ అక్కడే తెగిపోయింది. ఎవరైనా కరిగిస్తే తప్ప ముందుకు సాగదు.

అభిమానుల నోట ఈ చరిత్ర ఒక్క వాక్యంగా కుదించుకుపోయింది: "ఇండియావాళ్ళు నిరాహారదీక్ష చేసి మన ధారావాహికను చంపేశారు." ఇందులో మొదటి సగం నిజమే. కాని ఎంటీవీలో దానిని చూసినవారి సంఖ్య కూడా తక్కువేనన్నది ఈ వాక్యంలోకి రాదు. ఫ్యామిలీ గైని ఏ దీక్షా ఆపలేదు. ఫ్యూచరామాను ఏ మునిమనుమడూ నిలదీయలేదు. అవీ రద్దయ్యాయి. మన దేశంలో 1996 నుండి పాతుకుపోతున్న ఎంటీవీకి, పెద్దగా ఎవరూ చూడని 13 భాగాల బొమ్మల కథకూ కోట్లాది మంది బజారుకూ మధ్య ఎంపిక చేసుకోవడం కష్టమై ఉండదు. నా దృష్టిలో దానిని ముగించినది వ్యాపారపు లెక్క. దీక్ష ఆ లెక్కకు మంచి సాకు ఇచ్చింది.

మరి మన వైపు సగం? గాంధీని వేషంలో చూపడమే అపచారమన్న భావన మనకు మొదటినుండీ ఉన్నది కాదు. గుంటూరు ప్రాంతమే అందుకు సాక్షి. దామరాజు పుండరీకాక్షుడు గాంధీ మహోదయం, పాంచాల పరాభవం వంటి నాటకాలు రాసి స్వాతంత్ర్యోద్యమాన్ని రంగస్థలం మీదికి తెచ్చాడు. పంజాబు దారుణాన్ని పౌరాణిక పాత్రల మాటున చెప్పిన పాంచాల పరాభవాన్ని నిషేధించినది తెల్లదొరల ప్రభుత్వం. అప్పుడు గాంధీ పేరిట వేషం కడితే ప్రభుత్వం భయపడింది, జనం చప్పట్లు కొట్టారు. ఎనభై ఏళ్ళ తరువాత భయం స్థానం మారింది. ఇక ఆ మనిషి స్వయంగా, తనలో హాస్యస్ఫూర్తే లేకపోతే ఏనాడో ప్రాణం తీసుకొని ఉండేవాడినన్న భావం 1921లో యంగ్ ఇండియాలో రాసుకున్నవాడు.

1921 అంటే గుర్తుకు వస్తుంది. ఆ ఏప్రిల్ 6న గాంధీ చీరాల వచ్చాడు. పురపాలక సంఘాన్ని, దాని పన్నులను నెత్తిన రుద్దిన ప్రభుత్వానికి ఎదురు తిరగాలంటే, ఊరు విడిచి వెళ్ళడం కూడా ఒక మార్గమన్నాడు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద వేలాదిమంది ఇళ్ళు వదిలి, ఊరి బయట రామనగరం అని పేరు పెట్టుకున్న పాకల్లో ఎండకూ వానకూ ఓర్చి దాదాపు పదకొండు నెలలు ఉన్నారు. నల్లపాడుకు దక్షిణాన ఉన్న పెదనందిపాడు ఫిర్కాలో 1922 మొదట్లో పర్వతనేని వీరయ్యచౌదరి నాయకత్వాన రైతులు శిస్తు కట్టలేదు. కరణాలు, మునసబులు రాజీనామాలు ఇచ్చారు. జప్తులకు జంకలేదు. ఇంతలో ఎక్కడో చౌరీచౌరాలో హింస జరిగిందని గాంధీ ఉద్యమం ఆపేశాడు. కొండా వెంకటప్పయ్య వంటి నాయకులు ఆ నిర్ణయానికి తలవంచారు. రైతుల త్యాగం మధ్యలో తెగిపోయింది, అచ్చంగా చివరి భాగం లేని కథలాగా. అయినా ఆ రైతులే తమ పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నారు. తమను సగం దారిలో నిలిపేసిన మనిషిని ప్రేమించడం ఎలాగో వారికి తెలుసు. ఆయన మీద కోపం వస్తే ఇంట్లో తిట్టుకొని కూడా ఉంటారు. ఆ చనువు ఢిల్లీ దీక్షలో నాకు కనిపించదు. అక్కడ గాంధీ అంటే కాపలా కాయవలసిన విగ్రహం.

అభిమానులకు కనబడనిది మరొకటి ఉంది. వారికి లింకన్ ఎంత దగ్గరివాడో, అతనిని మెతక కుర్రవాడిగా చూసి నవ్వే చనువు కూడా అంత ఉంది. ఆ నవ్వు ఇంట్లోవారి నవ్వు. గాంధీ వారికి ఒక సినిమా, ఒక కళ్ళజోడు. తమది కాని తాతను తమ తాతలతో సమానంగా ఏడిపించడం సమానత్వమేనని వారి వాదన. అందులోనూ న్యాయం లేకపోలేదు. ఆ పాత్రను ద్వేషంతో గీయలేదని 13 భాగాలు చూసినవారు ఎవరైనా ఒప్పుకుంటారు. వరుసలో గాంధీ ఉండడమే ఒక రకమైన గౌరవం. లోకంలోని కొద్దిమంది గొప్పవారిని ఎంచమంటే వారికి తట్టిన పేరది.

తరువాత జరిగినవి త్వరగా చెబుతాను. లార్డ్, మిల్లర్ ఇద్దరూ పెద్దవారయ్యారు. లెగో చిత్రం 2014లో వచ్చింది. వారు నిర్మాతలుగా ఉన్న స్పైడర్‌మాన్ యానిమేషన్ చిత్రం, 2018 నాటిది, ఆస్కారు గెలిచింది. 2023 మే నెలలో మాక్స్ అనే ప్రసార వేదిక మీద క్లోన్ హై తిరిగి వచ్చింది. ఇరవై ఏళ్ళుగా గడ్డకట్టిన పిల్లలు కరిగి లేచారు. ఫ్రీడా కాలో, కన్ఫ్యూషియస్ వంటి కొత్త సహపాఠులు చేరారు. గాంధీ మాత్రం రాలేదు. ఈసారి ఢిల్లీలో ఎవరూ దీక్షకు కూర్చోనవసరం లేకపోయింది. రెండు విడతల తరువాత, 2024లో, అదీ రద్దయింది.

గాంధీ ఉన్న 13 భాగాలు డిస్కు రూపంలో కావాలనుకున్నవాడు ఇప్పటికీ ఆ 2005 నాటి కెనడా ప్రతినే వెదుక్కోవాలి.