గరగరలో దాగిన బ్రాహ్మ్స్

1889 డిసెంబర్ 2, వియన్నా. ఫెలింగర్ల ఇంట్లో ఎడిసన్ మనిషి థియో వాంగెమాన్ ఫోనోగ్రాఫ్ సిద్ధం చేశాడు. స్వరకర్త యోహానెస్ బ్రాహ్మ్స్ పియానో దగ్గర కూర్చుని తన హంగేరియన్ డాన్స్‌లలో మొదటిదాన్ని కొంతసేపు వాయించాడు. దాన్ని రికార్డు చేసిన మైనపు సిలిండర్ కాలక్రమంలో దెబ్బతింది. 1935లో దాన్ని డిస్క్ మీదికి ఎక్కించారు. వింటే గరగరే, సంగీతం లీలగా మాత్రమే. ఇంతకీ ఆయన ఏం వాయించాడు? అచ్చయిన స్వరలిపినే వాయించాడా?

యేల్ విశ్వవిద్యాలయంలో గణితజ్ఞుడు రొనాల్డ్ కోయిఫ్‌మన్, సంగీతకారుడు జొనాథన్ బెర్గర్ ఈ ముడి పట్టుకున్నారు.

మొదటి ఆనవాలు గరగరే. అది ఏ ఒక్క శ్రుతికీ పరిమితం కాదు, అన్నింటా పరుచుకుంటుంది. పై పౌనఃపున్యాలను కోసేస్తే కొంత తగ్గుతుంది గానీ, సుత్తి తీగను తాకిన దెబ్బ కూడా దాంతోపాటే పోతుంది. స్వరం ఎక్కడ మొదలైందో చెప్పేది ఆ దెబ్బే!

రెండో ఆనవాలు పియానో స్వభావం. ప్రతి స్వరానికీ క్షణంలో ముగిసే పదునైన ఆరంభం, ఆపైన చాలాసేపు సాగే నాదం ఉంటాయి. ఫూరియే పద్ధతి మొత్తం ముక్కలో ఏ పౌనఃపున్యాలున్నాయో చెబుతుంది, ఎప్పుడు వచ్చాయో నేరుగా చూపదు. అందుకే పొట్టివీ పొడుగువీ కలిసిన అలల భాండాగారం కావాలి: వేవ్‌లెట్ ప్యాకెట్లు.

అసలు కీలకం మూడోది, నాకు అన్నిటికన్నా అందంగా తోచేది. సరైన అలలను ఎంచుకుంటే సంగీతం కొద్దిపాటి పెద్ద గుణకాల్లోకి, అంటే ఒక్కో అల ఎంత పాలు ఉందో చెప్పే సంఖ్యల్లోకి, చేరిపోతుంది. గరగర ఏ అలకూ సరిపోలదు కనుక వేలకొద్దీ చిన్న గుణకాలుగా చెదిరిపోతుంది. పెద్దవాటిని ఉంచుకుని, మిగిలినదాన్ని మళ్ళీ విడదీసి, అందులోనూ సంగీతం మిగిలిందేమో వెతకాలి. అలల ఎంపికకు కొలమానం కూడా ఇదే: ఏ సమూహం తక్కువ గుణకాలతో పని ముగిస్తుందో అదే సరైనది.

వాళ్ళ పరిశోధన 1994లో వెలువడింది. చేతికొచ్చింది శ్రావ్యమైన రికార్డింగ్ కాదు, సాక్ష్యం. స్వరలిపితో పోల్చి చూస్తే బ్రాహ్మ్స్ లయను స్వేచ్ఛగా సాగదీశాడు, అక్కడక్కడా రాసినది వదిలి మనోధర్మంతో వాయించాడు. తన రచనను తానే మార్చుకున్నాడన్నమాట!

రికార్డింగ్ మొదట్లో వినిపించే గొంతు బ్రాహ్మ్స్‌దా, వాంగెమాన్‌దా అన్న వాదన వేరే ఉంది. రికార్డింగ్ ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. ముందు గరగరతోనే వినండి, ఆ తర్వాతే శుభ్రం చేసినది.