లారెన్స్ కోట: శీతకాలపు ముట్టడి

సరిహద్దు కోటలకు శత్రువుకంటె ఆకలియే భయంకరమని అమెరికా స్వాతంత్ర్య సమరమునాటి లారెన్స్ కోట చరిత్ర తెలుపుచున్నది. డెట్రాయిట్‌లోని ఆంగ్లేయ స్థావరమును పట్టుకొనదలచి జనరల్ మెకింతోష్ 1778 నవంబరులో, నేటి ఒహాయో రాష్ట్రమందలి టస్కరావస్ నదీతీరమున దీనిని కట్టించెను. ఆహారము చాలక పెద్దదండు వెనుదిరిగెను. కర్నల్ జాన్ గిబ్సన్ ఆధిపత్యమున రెండువందలకు మించని సైనికులు మాత్రము అచట నిలిచిరి.

వారికి కావలసిన పిండి, మాంసము, బట్టలు దూరమునందలి పిట్ కోటనుండి అడవిదారిన గుఱ్ఱములపై రావలసియుండెను. ఆ దారిని ఆంగ్లేయ కెప్టెన్ హెన్రీ బర్డ్ పక్షమువారు, వయాండట్, మింగో తెగల యోధులు కాచియుండిరి. 1779 ఫిబ్రవరిలో కట్టెలకై వెలుపలికి పోయిన సైనికులు కోటవారి కన్నులయెదుటనే పొంచియున్న శత్రువుల చేజిక్కి, కొందఱు హతులైరి, కొందఱు బందీలైరి.

పిమ్మట ముట్టడి సుమారు నెలదినములు సాగెను. తిండి కరవై సైనికులు పశుచర్మములను, తోలు పాదరక్షలను ఉడికించి తినిరి. తుదకు మార్చి 23న మెకింతోష్ సామగ్రితో వచ్చెను. కోటవారు సంతోషముతో తుపాకులు కాల్పగా, ఆ మ్రోతకు బెదరిన గుఱ్ఱములు తెచ్చిన ఆహారమును అడవిలో చెల్లాచెదరు చేసినవి.

ఆగస్టులో కోట విడువబడెను. ముట్టడించినవారు గోడలను గెలువలేదు. అయినను సరఫరా బాట కుదురుకొననందున అమెరికనుల డెట్రాయిట్ దండయాత్ర అంతటితో ఆగిపోయినది.